కారు మిస్సింగ్ కొడుతోందా.. ఇంజిన్ లైట్ బ్లింక్ అవుతోందా? అలాగే నడిపితే జేబుకు చిల్లే!

సిద్దిపేట జిల్లా నారాయణరావుపేట నుంచి సిద్దిపేటకు పెట్రోల్ కారులో బయల్దేరారు అనుకుందాం. దారిలో బండి జర్క్‌లు ఇస్తోంది.. పికప్ పడిపోయింది.. మీటర్ బోర్డులో పసుపు రంగు ఇంజిన్ లైట్ బ్లింక్ అవుతోంది. 'ఇంటికెళ్లాక చూద్దాంలే' అనుకుంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఎందుకో తెలియాలంటే ఇంజిన్‌లో స్పార్క్ ఎలా పుడుతుందో చూడాలి.

అప్పట్లో ఇలా..

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని లాంటి కార్లలో నాలుగు సిలిండర్లకూ ఒకటే ఇగ్నిషన్ కాయిల్. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను అది వేల వోల్టులకు పెంచుతుంది. ఆ కరెంటును ఒక్కో ప్లగ్‌కు వంతులవారీగా పంచేది డిస్ట్రిబ్యూటర్. పాయింట్లు అరిగినా, వానాకాలం క్యాప్‌లో తేమ చేరినా బండి మొరాయించేది. మెకానిక్ క్యాప్ తీసి తుడిచి, పాయింట్లు రుద్ది, గ్యాప్ సెట్ చేయాల్సి వచ్చేది.

ఇప్పుడు ఆ పని కంప్యూటర్‌దే

కొత్త కార్లలో డిస్ట్రిబ్యూటరే లేదు. ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోంది, పిస్టన్ ఎక్కడుందీ అన్నది క్రాంక్ సెన్సర్ చెబుతుంది. దాన్ని బట్టి ఈసీయూ అనే కంప్యూటర్ కాయిల్‌కు కరెంటు ఇచ్చి, సరైన క్షణంలో టక్కున ఆపేస్తుంది. ఆపిన మరుక్షణమే ప్లగ్ దగ్గర స్పార్క్!

ఇందులో రెండు రకాలున్నాయి. మొదటిది, రెండు సిలిండర్లకు ఒక కాయిల్. మామూలుగా 1-4, 2-3 జతలుగా ఉంటాయి. రెండింట్లోనూ ఒకేసారి స్పార్క్ వస్తుంది. ఒకచోట పెట్రోల్ మండుతుంది, రెండోచోట పొగ బయటికి పోతుంటుంది కాబట్టి ఆ స్పార్క్ వృథా. రెండోది, ఒక్కో ప్లగ్ మీద ఒక్కో కాయిల్.

లాభమేంటి? ఇంజిన్ నిమిషానికి 3000 సార్లు తిరిగితే పాత పద్ధతిలో ఒక్క కాయిలే సెకనుకు 100 స్పార్కులు ఇవ్వాలి. ప్లగ్‌కో కాయిల్ ఉంటే ఒక్కోటి 25 ఇస్తే చాలు. కాయిల్‌కు తేరుకునే టైమ్ దొరుకుతుంది, స్పార్క్ బలంగా వస్తుంది.

లైట్ బ్లింక్ అయితే ఆపేయండి

స్పార్క్ రాని సిలిండర్‌లో పెట్రోల్ మండదు. అది నేరుగా సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. ఆ వేడికి కన్వర్టర్ లోపలి భాగం కరిగిపోవచ్చు. అందులో ప్లాటినం, పల్లాడియం లాంటి ఖరీదైన లోహాలుంటాయి. దాని ముందు కాయిల్ ధర లెక్కే కాదు. అందుకే లైట్ బ్లింక్ అయితే బండి పక్కన ఆపి మెకానిక్‌ను పిలవండి. ఆగకుండా వెలిగితే మాత్రం నెమ్మదిగా షెడ్డుకు తీసుకెళ్లొచ్చు.

మెకానిక్‌ను ఇది అడగండి

నాలుగు కాయిళ్లూ మార్చాలంటే వెంటనే ఒప్పుకోవద్దు. ముందు స్కానర్ పెట్టమనండి. పీ0301 కోడ్ వస్తే మొదటి సిలిండర్ మిస్సింగ్ అని అర్థం. ప్లగ్‌కో కాయిల్ ఉన్న బండైతే ఆ కాయిల్‌ను రెండో సిలిండర్‌కు మార్చి చూడమనండి. కోడ్ పీ0302కి మారిందా? తప్పు ఆ కాయిల్‌దే, అదొక్కటి మారిస్తే సరి. మారలేదంటే ప్లగ్, ఇంజెక్టర్ చూడాలి. జతకో కాయిల్ ఉన్న కార్లలో 1, 4 రెండూ ఒకేసారి ఆగితే ముందు అనుమానించాల్సింది వాటి కాయిల్‌నే.

ఇంజిన్ ఆన్‌లో ఉండగా ప్లగ్ వైరు, కాయిల్ ఊడదీయొద్దు. వేల వోల్టుల షాక్ ప్రమాదకరం. ఇక ట్రాక్టర్లు, డీజిల్ కార్లు ఉన్నవాళ్లకు ఈ గొడవే లేదు. డీజిల్ ఇంజిన్‌లో గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది.. స్పార్క్ ప్లగ్ ఉండదు.