ఇసుకలో జాడ తెలిసినవాళ్లు

తెల్లవారుజామున ఇసుకలో తాబేలు జాడ కనిపిస్తే, అది గుడ్లు ఎక్కడ పెట్టిందో చెప్పడం పుస్తకాలు చదివినంత మాత్రాన రాదు. నీళ్లలోంచి పైకి మూరన్నర వెడల్పున ఒక జాడ ఉంటుంది, పైనుంచి మళ్లీ నీళ్లలోకి మరొకటి. ఎడమ రెక్క, కుడి రెక్క ఒకదాని తర్వాత ఒకటి ఇసుకను తోసిన గుర్తులు అవి. రెండు జాడలూ కలిసేచోట ఇసుక చెల్లాచెదురుగా పడి ఉంటుంది గానీ అదంతా గుడ్ల గుంత కాదు. తల్లి గుడ్లు పెట్టాక తన ఒంటి బరువుతో ఇసుకను అదిమి, చుట్టూ ఇంకాస్త ఇసుక చల్లి, ఆనవాలు లేకుండా చేసి పోతుంది. మా చిన్నాన్న సన్నటి కర్ర పట్టుకుని నెమ్మదిగా గుచ్చుకుంటూ వెళ్తాడు. అంతటా గట్టిగా తగిలే ఇసుకలోకి ఒకచోట కర్ర మెత్తగా దిగుతుంది. కర్ర పక్కన పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, ఇక అక్కడినుంచి చేత్తోనే తవ్వుతాడు.

ఒకప్పుడు ఈ నేర్పు గుడ్లు తీసి తినడానికి, అమ్ముకోవడానికి పనికొచ్చింది. ఇప్పుడు అదే నేర్పు వాటిని కాపాడుతోంది. తీరప్రాంత ఊళ్లలో పర్యావరణ విద్య చెప్పే స్వచ్ఛంద సంస్థలను ముందుండి నడిపేది ఎవరని అడిగితే, వేదిక మీద కూర్చున్నవాళ్ల పేర్లతో నేను మొదలుపెట్టను. చిన్నాన్నతో మొదలుపెడతాను.

మాది భీమిలి దారిలో ఒక జాలరిపేట. మా అయ్య అలివి వల లాగేవాడు. నేను చదువుకుని సైన్సు టీచరునయ్యాను. బడి లేని రోజుల్లో ఒక చిన్న సంస్థ తరఫున పిల్లల్ని ఒడ్డుకు తీసుకెళ్లి తీరం గురించి చెబుతుంటాను. చిన్నాన్న ఆ సంస్థలో కాపలాదారు. కాగితాల మీద ఆయన హోదా అంతే. కానీ ఏ గుంతను కదిలించాలి, ఏది ఉన్నచోటే వదిలేయాలి అన్నది ఆయన నిర్ణయమే. ఆ విషయంలో మా సంస్థ పెద్దలు కూడా ఆయన మాట దాటరు.

మన ఒడ్డుకు వచ్చేవి ఎక్కువగా ఆలివ్ రిడ్లే తాబేళ్లు. ఒడిశాలో గహీర్‌మథ, రుషికుల్య దగ్గర ఇవి వేలకు వేలు ఒకేసారి ఒడ్డెక్కుతాయి. మన దగ్గర అలా కాదు, జనవరి నుంచి రెండు మూడు నెలలపాటు ఇక్కడొకటి అక్కడొకటి వస్తాయి. ఒక్కోటి వంద పైచిలుకు గుడ్లు పెడుతుంది. అవి పిల్లలు కావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. అన్ని రోజులు కుక్కలు, నక్కలు, అడవి పందులు, మనుషులు వాటి జోలికి రాకుండా ఉండటం కష్టం. అందుకే గుడ్లను కంచె వేసిన హేచరీలోకి మారుస్తారు.

మార్చడం అనగానే తేలికపనిలా వినిపిస్తుంది గానీ, పెట్టిన కొద్ది గంటల్లోనే అది అయిపోవాలి. ఆలస్యమైతే లోపలి పిండం పెంకుకు అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డు దొర్లితే పిండం చనిపోతుంది. కొత్త గుంత కూడా తల్లి తవ్విన తీరులోనే ఉండాలి: మూరెడు లోతు, మెడ సన్నం, అడుగు వెడల్పు. ఇక ఇసుక వేడి సంగతి. సముద్ర తాబేలు పిల్ల ఆడదో మగదో తేల్చేది ఆ వేడే. సుమారు 30 డిగ్రీలు దాటితే ఎక్కువగా ఆడపిల్లలు, తగ్గితే ఎక్కువగా మగపిల్లలు పుడతాయి. ఎండాకాలం ముదిరేకొద్దీ హేచరీ మీద నీడ ఎంత వేయాలన్నది అందుకే పెద్ద విషయం. ఇది తొమ్మిదో తరగతి పిల్లలకు తరగతి గదిలో చెబితే సగం మంది ఆవలిస్తారు. హేచరీ దగ్గర థర్మామీటరు చేతికిచ్చి, ఇసుకలోకి దింపి చూడమంటే ఒకరినొకరు తోసుకుని మరీ చూస్తారు.

తాబేలు పిల్లలు బయటికొచ్చిన వెంటనే నీళ్లలోకి పోవాలి. మొదటి రోజుల్లో ఒడ్డుకు దూరంగా ఆగకుండా ఈదడానికి కావలసిన శక్తి వాటి కడుపులో మిగిలిన పచ్చసొన నుంచే వస్తుంది. అతిథిగారు వచ్చేదాకా వాటిని టబ్బుల్లో ఉంచి, ఎండెక్కాక ఫొటోలకు వదిలే పద్ధతి అక్కడక్కడా చూశాను. టబ్బులో గంటలు గంటలు కొట్టుకుని ఆ శక్తినంతా అక్కడే ఖర్చు చేసుకున్న పిల్ల సముద్రంలో ఎంతసేపు ఈదగలదు? వెయ్యిలో ఒకటి పెద్దదయితే గొప్పని అంచనా వేసే జీవి ఇది. ముఖ్య అతిథి ఎంతటివాడైనా “మీరు వచ్చేలోపే వదిలేశాం, క్షమించండి” అని చెప్పగలిగినవాడే ఇలాంటి సంస్థను నడపాలని నా గట్టి అభిప్రాయం.

మన దేశంలో ఈ పనికి బీజం పడింది మద్రాసులో. 1970ల మొదట్లో పాముల నిపుణుడు రోములస్ విటేకర్, ఆయన స్థాపించిన స్నేక్ పార్కు చుట్టూ చేరిన కుర్రవాళ్లు రాత్రిళ్లు బీచి వెంట నడిచి తాబేలు గుడ్లను వెతికేవారు. వాళ్లలో సతీష్ భాస్కర్ ఒకడు. ఐఐటీలో ఇంజనీరింగు చదువు పక్కన పెట్టి, దేశపు తీరాన్ని వేల కిలోమీటర్లు కాలినడకన చుట్టి, తాబేళ్లు ఎక్కడెక్కడ గుడ్లు పెడతాయో నమోదు చేశాడు. 1982లో లక్షద్వీపాల్లో మనుషులు లేని ఒక సుహేలి దీవిలో వానాకాలమంతా ఒంటరిగా ఉన్నాడు. భార్యకు ఉత్తరం రాసి సీసాలో పెట్టి సముద్రంలో వదిలాడు. అది శ్రీలంక ఒడ్డున ఒక జాలరికి దొరికింది. ఆయన దాన్ని కవరులో పెట్టి ఆమెకు పోస్టు చేశాడు. ఈ కథ చెప్పినప్పుడు మా పేట పిల్లలకు నచ్చేది భాస్కర్ సాహసం కాదు. ఎవరిదో ఉత్తరాన్ని తన డబ్బుతో పోస్టు చేసిన ఆ జాలరిని గురించే మళ్లీ మళ్లీ అడుగుతారు.

1988లో మద్రాసు కాలేజీ విద్యార్థులు కలిసి స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్జర్వేషన్ నెట్‌వర్క్ పెట్టారు. ఆ తొలి జట్టులోని కార్తీక్ శంకర్ తర్వాత బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఆచార్యుడై, సముద్ర తాబేళ్ల మీద దేశంలో ఎన్నదగిన శాస్త్రవేత్త అయ్యాడు. ఆ సంస్థ ఇప్పటికీ నడుస్తోంది. తాబేళ్ల కాలంలో నీలాంకరై నుంచి బీసెంట్ నగర్ దాకా రాత్రంతా నడుస్తారు. మామూలు జనాన్ని కూడా వెంట తీసుకెళ్తారు. చదువు ముగించుకుని పాతవాళ్లు వెళ్లిపోతుంటే కొత్తవాళ్లు అందుకుంటారు. నగరానికి సరిపోయిన పద్ధతి ఇది. నిద్ర మానుకుని నడిచిన కుర్రాడు రేపు ఏ ఆఫీసులో కూర్చున్నా, తాబేలు పిల్లలను దారి తప్పించే లైట్ల స్తంభాలు బీచి మీద వేసే ఫైలు తన ముందుకొచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగుతాడు.

మా పేటలాంటి ఊళ్లకు మాత్రం మరో దారి ఎక్కువ నప్పుతుందనిపిస్తుంది. అది చూపినది చిత్రకారిణి సుప్రజా ధారిణి. ఒడ్డున చచ్చి పడి ఉన్న ఒక తాబేలు ఆవిడను కదిలించింది. చింపాంజీల శాస్త్రవేత్త జేన్ గూడాల్ ప్రేరణ తోడైంది. 2002లో ట్రీ ఫౌండేషన్ స్థాపించి మత్స్యకారుల పేటల్లోకి వెళ్లింది. అక్కడి యువకులనే తాబేళ్ల రక్షకులుగా తీసుకుంది. ఆ పని తమిళనాడు దాటి, అటవీశాఖ తోడ్పాటుతో మన ఆంధ్ర తీరానికీ వచ్చింది. ఒడ్డున ఎవరు ఏ వేళ తిరుగుతారో, ఎవరింట్లో గుడ్లు వండుతారో ఊరి కుర్రాడికి తెలిసినట్టు బయటివాళ్లకు తెలియదు. అతను “వద్దు మావా” అంటే మావ వింటాడు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఈ తాబేలు ఉందని మైకులో చదివితే వినడు.

ఊరు వినేది తన భాషలో చెప్పినప్పుడే. గుజరాత్ తీరంలో ఒకప్పుడు తిమింగల సొరలను నూనె కోసం, మాంసం కోసం వేటాడేవారు. 2004లో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా అక్కడ ప్రచారం మొదలుపెట్టినప్పుడు రామకథ చెప్పే మొరారీ బాపు ముందుకొచ్చి, ఆ సొర పురిటికి పుట్టింటికొచ్చిన కూతురని చెప్పాడు. ఇంటికొచ్చిన బిడ్డను ఎవరు చంపుకుంటారు? వేట ఆగింది. అయితే ఆ ఒక్క మాటే పని చేసిందనుకుంటే పొరపాటు. సొరను వదలడానికి వల కోసినవాళ్లకు గుజరాత్ అటవీశాఖ నష్టపరిహారం ఇచ్చింది. మాట, డబ్బు రెండూ కలిసి నడిచాయి.

కూర్మావతారానికి గుడి ఉన్న శ్రీకూర్మం మా ఉత్తరాంధ్రలోనే ఉంది. తాబేలు కూర్మనాథుడని నమ్మేవాళ్లు మా తీరంలో బోలెడంతమంది. వలలో పడితే దణ్ణం పెట్టి నీళ్లలోకి వదిలేసే ముసలివాళ్లను చిన్నప్పట్నుంచీ చూశాను. కానీ ఒక సమావేశంలో ఒకాయన లేచి నన్ను అడిగిన మాటకు ఏ పురాణంలోనూ జవాబు లేదు. “టీచరమ్మా, తాబేలు బతకాల, నానూ ఒప్పుకుంతాను. మరి వల కోసెయ్యమంటన్నారు. ఆ వల అప్పు నాకెవులు తీరుస్తారు?”

ఆ ప్రశ్న విన్నాక పోస్టర్లు పంచి వచ్చేసే సంస్థలు ఉన్నాయి. ఆ ప్రశ్నను పట్టుకుని మత్స్యశాఖ గుమ్మం ఎక్కేవాళ్లూ ఉన్నారు. నా దృష్టిలో రెండోవాళ్లే సారథులు.

పైగా తాబేళ్లను ఎక్కువగా చంపేది ఆయన వల కాదు. తాబేలు మనలాగే గాలి పీల్చాలి. మర బోట్లు లాగే ట్రాల్ వలలో చిక్కుకుంటే పైకి రాలేక ఊపిరాడక చనిపోతుంది. మన రాష్ట్రంలో ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు మర బోట్లు వేట చేయకూడదని నిబంధన. గుడ్లు పెట్టే కాలంలో తాబేళ్లు తిరిగేది ఆ దగ్గరి నీళ్లలోనే. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ఉంది గానీ, అప్పటికి తల్లులు చాలావరకు గుడ్లు పెట్టి వెళ్లిపోయి ఉంటాయి. 2025 జనవరిలో చెన్నై, చుట్టుపక్కల తీరాలకు వెయ్యికి పైగా తాబేళ్లు చచ్చి కొట్టుకొచ్చాయి. నడకలు నడిచి, హేచరీలు పెట్టి, ఏళ్ల తరబడి కష్టపడ్డ తీరమది.

ట్రాల్ వలకు టెడ్ అనే అమరిక ఉంది. వల గొట్టంలో ఏటవాలుగా బిగించే ఇనుప చువ్వల చట్రం అది. రొయ్యలు చువ్వల సందుల్లోంచి వెనక్కి పోతాయి. తాబేలు చట్రానికి తగిలి, పైనో కిందో ఉన్న కంత గుండా బయటపడుతుంది. ఇది లేకుండా పట్టిన రొయ్యలు కొనబోమని 1996లో అమెరికా అంటే, మన దేశం మరో మూడు దేశాలతో కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కింది. 2019లో మన సముద్రపు రొయ్యల మీద అమెరికా మళ్లీ ఆంక్ష పెట్టింది. బోటువాళ్లు టెడ్ వద్దనడానికి కారణం మొండితనం కాదు. కంత లోంచి కొంత సరుకు కూడా జారిపోతుంది, డీజిలు ఖర్చు చూస్తే ఆ కొంతే వాళ్లకు మిగులు. సరంగుల పిల్లలు నా తరగతిలో ఉన్నారు. వాళ్ల నాన్నలను దోషులుగా నిలబెట్టే పాఠం నేను చెప్పను. టెడ్ బొమ్మ గీయించి, జారిపోయే సరుకు విలువ లెక్క కట్టించి, ఆ నష్టం ఎవరు భరించాలో వాళ్లనే వాదించుకోమంటాను. రొయ్యలు తినేవాళ్లు ఒక రూపాయి ఎక్కువిస్తే సరిపోదా అని ఒక పిల్ల అడిగింది.

తీరం మీద బతికేవాళ్ల తెలివే దారి చూపడం తాబేళ్ల విషయంలోనే కాదు, మడ అడవుల్లోనూ చూశాను. కాకినాడ పక్కన 1978లో అభయారణ్యమైన కోరింగ, దాదాపు 235 చదరపు కిలోమీటర్లు. మడ నరికిన చోట నేల కుంగి, పోటు నీళ్లు నిలిచి ఆవిరై ఉప్పు పేరుకుంటుంది. ఇక విత్తు మొలవదు. 1990ల నుంచి ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్, అటవీశాఖ, గ్రామాలవాళ్లు కలిసి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, నీళ్లు వచ్చిపోయేలా చేసి, తెల్ల మడ, నల్ల మడ నాటారు. ఏ వాగులోకి పోటు ఎంతదాకా ఎక్కుతుందో రోజూ ఆ నీళ్లలో తిరిగే మనిషికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

ఇన్ని చెప్పాక, నన్ను బాధపెట్టేది ఒకటుంది. ఇలాంటి సంస్థలకు డబ్బు ప్రాజెక్టుల రూపంలో వస్తుంది, ప్రాజెక్టు గడువు తీరగానే ఆగిపోతుంది. కాపలాదారుకు జీతం తాబేళ్ల కాలం ఉన్న నాలుగైదు నెలలే. మిగతా నెలల్లో మా చిన్నాన్న వలలు అల్లుతాడు, లేదంటే కూలికి పోతాడు. తాబేలు పేరుతో అచ్చయ్యే క్యాలెండర్ల ఖర్చులో కొంత ఆయన జీతానికి మళ్లించమని నేను ప్రతి సమావేశంలోనూ అడుగుతాను. సంస్థ కమిటీలో వేట చేసేవాళ్లకు, చేపలమ్మే ఆడవాళ్లకు సగం కుర్చీలుండాలని కూడా అడుగుతున్నాను. మా కమిటీలో ఇప్పుడు చేపలమ్మే ఇద్దరు కూర్చుంటున్నారు. ఖర్చుల లెక్క చదువుతుంటే అన్నిటికన్నా సూటి ప్రశ్నలు వాళ్లవే.

జనవరి నుంచి మే దాకా మీరు ఏ బీచికి వెళ్లినా చిన్నాన్న చెప్పమన్న సంగతులివి. “రేత్రి జాడ కనపడితే తొక్కీకండి, సెరిపీకండి. తల్లి మీద టార్చిలైటు ఎయ్యొద్దు, ఎనక్కెల్లిపోతాది. పిల్లలు రోడ్డేపు పోతంటే లైట్లార్పించండి, ఎత్తి నీల్లలోకి ఇసరొద్దు, ఇసక మీద ఆటినే నడవనియ్యండి. దగ్గర్లో ఫారెస్టోల్లకో, మా బోటి కాపలావోల్లకో కబురెట్టండి. మేం ఎలాగూ తెల్లారకుండానే ఒడ్డు మీదుంతాం.”