'ల్యాంబ్' (1996) ఆల్బమ్: ఒకే పాటలో రెండు కాలాలు

వ్యాససంగ్రహం:
మాంచెస్టర్‌కు చెందిన 'ల్యాంబ్' బృందం 1996లో తన పేరుతోనే వెలువరించిన తొలి ఆల్బమ్‌లో ట్రిప్-హాప్, డ్రమ్ అండ్ బాస్ శైలులు కలిశాయి. ఈ కలయికకు ఆధారం రెండు శైలుల కాలప్రమాణాల మధ్య ఉన్న సంబంధమేనని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: ట్రిప్-హాప్, డ్రమ్ అండ్ బాస్, కాలప్రమాణం, లయ, గానం.

1. ఉపోద్ఘాతం:
యంత్రలయ మానవ స్వరాన్ని మింగేస్తుందన్నది ఎలక్ట్రానిక్ సంగీతంపై తరచుగా వినిపించే ఆక్షేపణ. గాయని లూ రోడ్స్, ధ్వని నిర్మాత ఆండీ బార్లో కలిసి రూపొందించిన ఈ ఆల్బమ్ ఆ ఆక్షేపణను పరీక్షించడానికి తగిన ఉదాహరణ.

2. రెండు శైలుల నేపథ్యం:
ట్రిప్-హాప్ 1990ల తొలినాళ్లలో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నగరంలో రూపుదిద్దుకుంది. హిప్-హాప్ దరువును నెమ్మదింపజేసి, విషాదచ్ఛాయ గల గానాన్ని జోడించడం దీని స్వభావం. మాసివ్ అటాక్ 'బ్లూ లైన్స్' (1991), పోర్టిస్‌హెడ్ 'డమ్మీ' (1994) ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణలు. డ్రమ్ అండ్ బాస్ అదే దశాబ్దంలో జంగిల్ సంగీతం నుంచి ఎదిగింది. పాత రికార్డులలోని డ్రమ్ ఖండికలను ముక్కలు చేసి, తిరిగి పేర్చి, వేగం పెంచడం దీని పద్ధతి. 'ది విన్‌స్టన్స్' బృందం 1969 నాటి 'ఆమెన్, బ్రదర్'లోని కొన్ని సెకన్ల డ్రమ్ వాదనం ఈ శైలికి ముఖ్యమైన ముడిసరుకు.

3. కాలప్రమాణాల సంబంధం:
ట్రిప్-హాప్ నడక సాధారణంగా నిమిషానికి 80-90 బీట్లు. డ్రమ్ అండ్ బాస్ నడక 160-180 బీట్లు. పైకి విరుద్ధంగా కనిపించే ఈ రెండూ దాదాపు ఒకటికి రెండు నిష్పత్తిలో ఉన్నాయి. కర్ణాటక సంగీతంలో అలంకారాల సాధనతో దీనిని పోల్చి అర్థం చేసుకోవచ్చు. అక్కడ తాళం వేగం మారదు. రెండవ కాలంలో ఒక్కో క్రియకు పలికే స్వరాల సంఖ్య రెట్టింపవుతుంది. అయితే సాధనలో కాలాలు ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. ఈ సమ్మేళనంలో అవి ఏకకాలంలో నడుస్తాయి. డ్రమ్స్ రెండవ కాలంలో పరుగెత్తుతుండగా, గానం మొదటి కాలంలో నిలకడగా సాగుతుంది. ఈ పోలిక అవగాహన కోసమే తప్ప, రెండు సంప్రదాయాల మధ్య చారిత్రక సంబంధాన్ని సూచించదు.

4. 'గురెట్‌స్కీ' పాట:
ఈ ఆల్బమ్‌లోని ప్రసిద్ధ గీతం 'గురెట్‌స్కీ'. పోలెండ్ స్వరకర్త హెన్రిక్ గురెట్‌స్కీ 1976లో రచించిన మూడవ సింఫనీ దీనికి ప్రేరణ. ఆ సింఫనీ రెండవ భాగంలోని పదాలు 1944లో జకొపానేలోని గెస్టపో చెరసాల గోడపై 18 ఏళ్ల యువతి రాసుకున్న ప్రార్థనలోనివి. ల్యాంబ్ పాట ప్రేమ పరిపూర్ణతను చెబుతుంది. కానీ మరణస్పృహ అందులోనూ ఉంది. మెల్లగా మొదలైన పాటలోకి డ్రమ్స్ ప్రవేశించి క్రమంగా ఉధృతమవుతాయి. అయినా గానం తొందరపడదు.

చరిత్రలోని దుఃఖం ఇక్కడ ప్రేమగీతానికి అలంకారంగా మారిందా అన్న ప్రశ్న సమంజసమే. స్వరకర్త పేరునే శీర్షికగా పెట్టడం ద్వారా పాట తన ఋణాన్ని దాచలేదు. కానీ చెరసాల గోడ సంగతి తెలియని శ్రోతకు ఆ పేరు ఒక్కటే దానిని తెలియజేయలేదు. కనుక ఈ ఆక్షేపణ పూర్తిగా తొలగిపోదు.

5. ముగింపు:
• రెండు శైలుల సమ్మేళనాన్ని సాధ్యం చేసింది వాటి కాలప్రమాణాల నిష్పత్తి.
• యంత్రలయ వేగం గానాన్ని మింగలేదు. దాని నిలకడను మరింత స్పష్టంగా వినిపించింది.
• ఇటువంటి సంగీతాన్ని విశ్లేషించడానికి కాలం, నడక, కాలప్రమాణం వంటి తెలుగులో వాడుకలో ఉన్న లయ పరిభాష సమర్థంగా ఉపకరిస్తుంది.