బావి గిలకా, కొండెక్కే రైలూ

భివండి ధామన్‌కర్ నాకా నుంచి నాసిక్ రహదారి పట్టి వెళ్ళే యాత్రికులకు సప్తశృంగి గడ్ సుపరిచితం. నాసిక్ జిల్లా వణి సమీపంలోని ఈ క్షేత్రం మహారాష్ట్ర మూడున్నర శక్తిపీఠాలలో అర్ధపీఠంగా ప్రసిద్ధి చెందింది. అమ్మవారి సన్నిధికి ఐదు వందలకు పైగా మెట్లెక్కాలి. మోకాళ్ళ నొప్పులున్న వృద్ధులకు అది కష్టసాధ్యం. 2018లో అక్కడ 'ఫ్యునిక్యులర్ ట్రాలీ' ప్రారంభమైంది. నిటారు వాలుపై పట్టాల మీద నడిచే ఈ బండి కొద్ది నిమిషాలలోనే భక్తులను పైకి చేరుస్తుంది.

దీని సూత్రం మన పల్లె బావులలోనే ఉంది. గిలకపై ఒకే తాడుకు రెండు కొసలా రెండు బకెట్లు కట్టినట్లు ఊహించండి. ఒకటి దిగుతుంటే రెండవది పైకి వస్తుంది. ఇక్కడ బకెట్ల స్థానంలో రెండు పెట్టెలు, తాడుకు బదులు ఉక్కు కేబుల్ ఉంటాయి. దిగే పెట్టె బరువు ఎక్కే పెట్టెకు సాయపడుతుంది. రెంటి బరువుల తేడాను, రాపిడిని అధిగమించేందుకు మాత్రమే మోటారు శ్రమిస్తుంది.

ఇంగ్లండులోని లింటన్–లిన్‌మత్ సముద్రతీరంలో 1890లో ప్రారంభమైన రైలుకు మోటారు కూడా లేదు. 263 మీటర్ల పట్టాలపై అది 152 మీటర్ల ఎత్తు ఎక్కుతుంది. పై పెట్టె కింద ఉన్న తొట్టిలో నది నీరు నింపుతారు. ఆ తొట్టిలో సుమారు 3,200 లీటర్లు పడతాయి. కింది పెట్టెలోని నీరు వదలగానే బరువైన పై పెట్టె దిగుతూ, తేలికైన దానిని పైకి లాగుతుంది.

అయితే తాడు తెగితే? పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో 2025 సెప్టెంబరు 3న గ్లోరియా వాలు రైలు కేబుల్, పెట్టెకు బిగించిన చోట ఊడిపోయింది. బ్రేకులు వేసినా పెట్టె ఆగలేదు. 16 మంది మరణించారు. ఆ ఉదయం తనిఖీ జరిగినా, లోపమున్న భాగం విప్పి చూస్తే తప్ప కంటికి కనిపించేది కాదు.

కనుక కేబుల్ లేకున్నా పెట్టెను నిలుపగల బ్రేకులు, భాగాలు విప్పి చేసే తనిఖీలు ఇలాంటి బండికి ప్రాణాధారాలు. ప్రయాణికులు సైతం పరిమితికి మించి ఎక్కరాదు. పండుగ రద్దీలో తోసుకోక, పిల్లల చేతులు పట్టుకొని, తమ వంతు వచ్చేదాకా ఆగడం మేలు.