కంటిలోని పెద్దచిల్లి, దాని మాసిక

ఎదుటివారి చెవులును జుట్టును కనబడుచు, నడుమనున్న ముక్కుమొగము మాత్రము మసకబాఱుచున్నదని యింటిలోని పెద్దలెవరైన చెప్పినయెడల, అది ముసలితనమే యని త్రోసివేయరాదు. రెటీనా నడుమ రంధ్రమేర్పడిన లక్షణ మది కావచ్చును.

కంటిగోళము లోపలి గోడను కప్పియున్న, వెలుతురును గ్రహించు పొరయే రెటీనా. దాని నడిమి భాగము మాక్యులా. చదువుటకును ముఖములను గుర్తించుటకును అదియే యాధారము. కంటిని నింపియున్న జిగురువంటి పదార్థము వయస్సుతో కుంచించుకొని విడిపోవునపుడు, ఒక్కొక్కప్పుడు మాక్యులాను లాగి చిల్లిచేయును. 60 ఏండ్లు దాటినవారిలో, అందును స్త్రీలలో, ఇది యెక్కువ. 400 మైక్రాన్లు, అనగా మిల్లీమీటరులో పదింట నాలుగు వంతులు, మించినదానిని పెద్దరంధ్ర మందురు.

చిరకాలము దీనికి చికిత్స లేదనుకొనిరి. 1991లో అమెరికా వైద్యులగు కెల్లీ, వెండెల్ అనువారు 52 కన్నులకు శస్త్రము చేయగా 30 కన్నులలో రంధ్రము మూసికొనెను. వారు జిగురుపదార్థమును తీసివేసి, వాయువు నింపి, రోగిని తల వంచియుండుమనిరి. బుడగ పైకి తేలును గనుక అట్లుండిన రంధ్రమున కానుకొనియుండును. పిమ్మట, రెటీనాపైనున్న మిక్కిలి పలుచని పొరను రంగుతో గుర్తించి ఒలిచివేయుటయు వాడుకలోనికి వచ్చెను. పొర పోగా అంచులు సులభముగ దగ్గఱకు జరుగును.

చిన్నచిల్లికి ఇది చాలును. పెద్దచిల్లికో, బట్టకువలెనే, మాసిక వలయును. పోలెండు వైద్యురాలగు మిహలెఫ్‌స్కాయు ఆమె సహచరులును ఆ పొరను పూర్తిగా తీసిపాఱవేయక, అంచున నంటియుండనిచ్చి, తిరుగవేసి రంధ్రముపై కప్పిరి. 2010లో వారు ప్రకటించిన ఫలితములివి: ఒలిచివేసిన కన్నులలో నూటికి 88, మాసిక వేసినవానిలో 98 మూతపడినవి. అంచులు చదునై నడుమ వెలితి మిగిలినవి మొదటి పద్ధతిలో నూటికి 19, రెండవదానిలో 2 మాత్రమే.

అయినను రంధ్రము మూసికొనుట వేఱు, చూపు మరలుట వేఱు. రంధ్రము ఎంత పెద్దదై, ఎంత పాతదైన, తిరిగివచ్చు చూపు అంత తక్కువ. కావున మేలైన శస్త్రముకంటెను ముందుగా వైద్యుని చేరుట ముఖ్యము.

రెండు కన్నులు తెఱచియున్నపుడు ఒకదాని లోపమును రెండవది కప్పిపుచ్చును. విద్యార్థులారా, మీ తాతయవ్వలకు గీతల పుస్తకము నొకటి చూపి, ఒక్కొక్క కన్ను మూయించి చూడుమనుడు. గీతలు వంకరగా కనబడినను, నడుమ తెగినను, జాగుచేయక కంటివైద్యుని యొద్దకు గొనిపోవుడని మేము కోరుచున్నాము.