అంచు విరిగిన పాత టీ కప్పు పారేస్తున్నారా? ఆగండి.. మీ సూదులకు అంతకంటే మంచి చోటు లేదు!

అటక మీద అట్టపెట్టెలో అమ్మమ్మ కాలం నాటి పింగాణీ కప్పులు. ఒకదానికి అంచు విరిగింది, ఇంకోదానికి పిడి ఊడింది. పారేయడానికి మనసు రాదు, టీ పోసుకోవడానికి పనికిరావు. మరోపక్క కుట్టుమిషన్ కింద సంచి నిండా జాకెట్ ముక్కలు. ఈ రెండూ కలిపితే చూడముచ్చటైన పిన్ కుషన్ తయారవుతుంది. కప్పులో గుడ్డ బంతి పెట్టడం, గ్లూ గన్‌తో అతికించడం.. 30 సెకన్ల రీల్‌లో అంతా అయిపోతుంది. కానీ ఆ వీడియోల్లో చూపించని సంగతులు కొన్ని ఉన్నాయి. అవి వదిలేస్తే వానాకాలం దాటేలోపే సూదులు తుప్పు పడతాయి, బంతి కప్పులోంచి ఊడి చేతికొస్తుంది.

మన ఇళ్లలో సూది ఎక్కడుంటుందో ఒకసారి గుర్తు చేసుకోండి. దారం రీలుకు గుచ్చి ఉంటుంది, లేదంటే గోడ మీది క్యాలెండర్‌కు. పిన్నీసులైతే గాజులకే వేలాడుతుంటాయి. దీపాలు పెట్టాక సూది ఎవరికీ ఇవ్వకూడదని పెద్దవాళ్లు అంటారు. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, మసక వెలుతురులో కింద పడ్డ సూది దొరకదన్నది మాత్రం నిజం. అది చివరికి దొరికేది నేల మీద పాకే పిల్లలకో, చెప్పుల్లేకుండా నడిచేవాళ్ల పాదానికో. అందుకే సూదికి ఒక స్థిరమైన చోటు కావాలి. అది బరువుగా ఉండాలి, చెయ్యి తగిలితే దొర్లకూడదు. పాత పింగాణీ కప్పు ఈ పనికి బాగా కుదురుతుంది.

అసలు ఆ కప్పులో టీ ఎందుకు తాగకూడదు?

పాతకాలం పింగాణీకి మెరుపు కోసం వేసే పూతల్లో సీసం వాడటం మామూలే. ఎరుపు, నారింజ, పసుపు రంగు పువ్వుల బొమ్మల్లో కాడ్మియం కూడా ఉండేది. పూత చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం ఇబ్బంది తక్కువ. అంచు విరిగినా, లోపల సన్నటి పగుళ్లు పడినా సీసం బయటికి రావడం సులువవుతుంది. నిమ్మకాయ టీ, చింతపండు పులుసు, ఊరగాయ లాంటి పుల్లటివి తగిలితే మరీనూ. సీసానికి రుచి, వాసన ఉండవు కాబట్టి తాగేవాళ్లకు తెలియదు. ఒంట్లో చేరే సీసంలో ఇంత వరకు ప్రమాదం లేదు అని చెప్పగలిగే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ముఖ్యంగా చిన్నపిల్లల మెదడు ఎదుగుదలను ఇది దెబ్బతీస్తుంది.

కాబట్టి ‘అమ్మమ్మ కప్పు కదా’ అని అతికించి మళ్లీ వంటింట్లోకి తేకండి. కుట్టుపెట్టె పక్కన పెట్టుకుంటే జ్ఞాపకానికి జ్ఞాపకం, పనికి పని. ఇంట్లో పాత కప్పులు లేకపోతే హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్ లాంటి పాత సామాన్ల సంతల్లో చూడొచ్చు. జత తప్పిన కప్పులు, మూత పోయిన చక్కెర గిన్నెలు, పాల జగ్గులు.. ఏవైనా పర్లేదు. ఇరానీ హోటళ్లలో కనిపించే మందపాటి కప్పు అయితే బరువుగా ఉండి ఇంకా బాగా నిలబడుతుంది.

గుడ్డ ఎంత కావాలి?

కప్పు మూతి వెడల్పుకు మూడు రెట్ల వెడల్పుతో గుండ్రంగా గుడ్డ కత్తిరించాలి. అంటే మూతి 8 సెంటీమీటర్లుంటే గుడ్డ 24 సెంటీమీటర్లు. మంగళగిరి, పోచంపల్లి, కలంకారీ కాటన్ ముక్కలు బాగుంటాయి. నేత దగ్గరగా ఉంటే సూది తీసిన చోట చిల్లు కనబడదు. పట్టు ముక్కకు చిల్లులు అలాగే ఉండిపోతాయి. శాటిన్‌కు పోగులు లేస్తాయి. జీన్స్ గుడ్డలో గుచ్చాలంటే బొటనవేలు అరిగిపోవాల్సిందే! జరీ అంచు మీద మోజుంటే పైన గుచ్చే చోట కాకుండా కప్పు మూతి చుట్టూ అతికించండి. విరిగిన అంచు కూడా దాని వెనక దాక్కుంటుంది. గుడ్డను ముందే ఒకసారి ఉతికి, గంజి పోయేలా ఆరేయడం మర్చిపోవద్దు.

గుడ్డ అంచు నుంచి సెంటీమీటరు లోపలికి, రెండు పేటల దారంతో చుట్టూ రన్నింగ్ స్టిచ్ వేయాలి. మధ్యలో కూరేది పెట్టి, సంచి తాడు బిగించినట్టు దారం లాగి ముడేస్తే బంతి రెడీ. ఇది కప్పు మూతి కంటే ఒక సెంటీమీటరు ఎక్కువ వెడల్పు ఉండాలి. అప్పుడే కప్పులోకి బిగుతుగా దిగుతుంది.

లోపల ఏం కూరాలి? అసలు కథ ఇక్కడే ఉంది

చాలామంది మందుల షాపు దూది కూరేస్తారు. దూది గాల్లో తేమను పీల్చుకుంటుంది. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి ఉప్పుగాలి ఊళ్లలో అయితే ఆ తేమకు సూది తొందరగా తుప్పు పడుతుంది. తుప్పు సూదితో కుడితే గుడ్డ మీద మరక, పోగు తెగడం ఖాయం. పాత దిండులోని పాలిస్టర్ దూది తేమ పట్టదు గానీ, సూదిని గట్టిగా పట్టుకోదు. అందులో చాలా గట్టిగా దట్టించాలి. బియ్యం, కందిపప్పు పోసే వీడియోలు కూడా తిరుగుతున్నాయి.. పురుగులకు విందు చేయాలనుకుంటే తప్ప ఆ పని వద్దు.

అన్నిటికంటే మంచిది గొర్రె ఉన్ని. పచ్చి ఉన్నిలో లానోలిన్ అనే సహజమైన జిడ్డు ఉంటుంది. అది సూదికి తుప్పు పట్టకుండా కాస్త అడ్డుపడుతుంది. చిరిగిన గొంగడి ముక్కలు, పాత ఉన్ని స్వెటర్ విప్పిన దారం ఉన్నా సరిపోతుంది. ఒకప్పుడు పాశ్చాత్య దేశాల్లో దువ్వెనకు వచ్చిన జుట్టును దాచి పిన్ కుషన్లలో కూరేవాళ్లు. అక్కడా కిటుకు అదే, జుట్టులోని నూనె. టమాటా ఆకారంలో ఉండే ఎర్రటి పిన్ కుషన్ మీరు చూసే ఉంటారు. ఇంగ్లండ్‌లో విక్టోరియా రాణి కాలం నుంచి వస్తున్న డిజైన్ అది. దానికి వేలాడే చిన్న స్ట్రాబెర్రీ అలంకారం కోసం కాదు. అందులో కురువిందం పొడి ఉంటుంది. నాలుగైదు సార్లు గుచ్చి తీస్తే సూది మీది సన్నటి తుప్పు పోయి మొన నున్నబడుతుంది.

టైలర్ షాపు చిన్న పీలికలు వాడాలనుకుంటే వేలి గోరంత సైజులో కత్తిరించండి. కుట్లు, మడతలు, బకరం ఉన్న ముక్కలు తీసేయాలి. సూది వాటికి తగిలిందంటే లోపలికి దిగదు, బలవంతంగా నొక్కితే వంగిపోతుంది. పీలికలు మధ్యలో, ఉన్ని పైపొరలో పెడితే రెండూ కలిసొస్తాయి.

ఇంకో ముఖ్యమైన లెక్క లోతు. చేతికుట్టు సూదులు చాలావరకు 4 సెంటీమీటర్ల లోపు ఉంటాయి. బంతి కనీసం 5 సెంటీమీటర్ల లోతుండాలి. తక్కువైతే మొన పింగాణీకి తగిలి మొద్దుబారుతుంది. అందుకే లోతు లేని సాసర్లు దీనికి పనికిరావు. సాసర్‌ను కప్పు కింద అతికించుకుంటే గుండీలు, హుక్కులు వేసుకోవడానికి బాగుంటుంది. కప్పు తేలిగ్గా ఉంటే అడుగున నాలుగు గోళీలో, కడిగి ఆరబెట్టిన గులకరాళ్లో వేసి, పైన అట్టముక్క పెట్టి, ఆపైన బంతి దించండి. సముద్రపు ఇసుక మాత్రం వద్దు, అందులోని ఉప్పుకు సూదులు తుప్పు పడతాయి.

అతికించేటప్పుడు ఈ పొరపాటు వద్దు

చెక్కపనికి వాడే తెల్ల జిగురు నున్నటి పింగాణీని పట్టుకోదు. గ్లూ గన్ జిగురు మొదట బాగానే ఉంటుంది, కొన్నాళ్లకు పెచ్చులా లేచిపోతుంది. రెండు ట్యూబులు కలిపి వాడే ఎపాక్సీ నమ్మకమైనది. జిగురు పట్టాలని కొందరు కప్పు లోపలి భాగాన్ని గరుకు కాగితంతో రుద్దుతారు. పాత కప్పుకు ఈ పని అస్సలు చేయొద్దు. పూతలో సీసం ఉంటే ఆ పొడి నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. సర్జికల్ స్పిరిట్‌తో జిడ్డు తుడిచి, ఆరాక లోపలి అంచు చుట్టూ జిగురు రాసి బంతి దించితే చాలు. ఒక రోజంతా కదపకుండా ఉంచాలి.

తయారయ్యాక ఎన్ని సూదులు గుచ్చారో లెక్కపెట్టుకోండి. పని ముగించి లేచే ముందు మళ్లీ లెక్కపెట్టండి. ఒకటి తగ్గితే దొరికేదాకా పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వొద్దు. పక్కన ఒక అయస్కాంతం ఉంటే వెతకడం తేలిక. పని మధ్యలో గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకునే అలవాటు చాలామంది టైలర్లకు ఉంటుంది. ఒక్క తుమ్ము చాలు, సూది గొంతులోకి జారిపోతుంది. అలా జరిగితే అరటిపండు తినిపించడం, అన్నం ముద్దలు మింగించడం, వాంతి చేయించడం వద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఎక్స్‌రేలో సూది కనబడుతుంది, కడుపు దాటకముందైతే డాక్టర్లు చాలావరకు ఎండోస్కోపీతోనే బయటికి తీయగలుగుతారు.