పేరు ఒకదానిది, రికార్డు ఇంకొకదానిది

కరీబియన్ దీవుల్లోని ఓ బుల్లి పిట్టకు స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1758లో లాటిన్‌లో ‘అన్నిటికన్నా చిన్నది’ అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఇప్పుడు దాని శాస్త్రీయ నామం మెల్లిసుగా మినిమా. జమైకా, హిస్పానియోలా దీవుల్లో కనిపించే వెర్వైన్ హమ్మింగ్‌బర్డ్ అదే. 92 ఏళ్ల తర్వాత, 1850లో, హువాన్ లెంబెయె క్యూబా నుంచి అంతకన్నా చిన్న పిట్టను లోకానికి పరిచయం చేశాడు. అది మెల్లిసుగా హెలెనీ, అంటే బీ హమ్మింగ్‌బర్డ్. అతి చిన్న పక్షి ఇదే అయినా ‘మినిమా’ అన్న పేరు మాత్రం దాని అక్కకే ఉండిపోయింది.

తేడా చాలా స్వల్పం. క్యూబా మగపిట్ట బరువు 2 గ్రాముల లోపే. ఐదింటిని కలిపి తూచినా పది గ్రాముల బంగారం ఎత్తు రావు! వెర్వైన్ 2 నుంచి 2.4 గ్రాములు తూగుతుంది. అయితే గుడ్డు విషయంలో వెర్వైన్‌దే పైచేయి. సెంటీమీటరు పొడవైనా లేని, సుమారు 0.37 గ్రాములు తూగే దాని గుడ్డు పక్షి గుడ్లలో అతి చిన్నదిగా రికార్డుకెక్కింది.

రూపంలో మాత్రం పోలికే లేదు. జతకట్టే కాలంలో క్యూబా మగపిట్ట తల, గొంతు నిప్పుకణికలా ఎర్రగా మెరుస్తాయి. అది రంగు పూసినట్టు వచ్చే ఎరుపు కాదు, ఈకల్లోని అతి సూక్ష్మమైన పొరల మీద వెలుతురు పడి పుట్టే మెరుపు. ఆ కాలం దాటగానే ఈకలు రాలి మామూలు రంగుకు వచ్చేస్తుంది. వెర్వైన్‌కు ఈ సింగారం లేదు. బూడిద కలిసిన ఆకుపచ్చ ఒళ్లు, చుక్కల గొంతు, అంతే. మగది ఎండుకొమ్మ చివర కూర్చుని ఆగకుండా కిచకిచలాడుతుంది.

మన పెరట్లో మందారం మీద వాలే తేనెపిట్టను చాలామంది హమ్మింగ్‌బర్డ్ అనుకుంటారు. అది వేరే కుటుంబం. ఎక్కువగా కొమ్మను పట్టుకునే తేనె తాగుతుంది. హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాల్లో, ఆ చుట్టుపక్కల దీవుల్లో తప్ప మరెక్కడా లేవు. అవి పువ్వు ముందు గాలిలోనే నిలబడి తేనె పీలుస్తాయి.

వెర్వైన్, బీ హమ్మింగ్‌బర్డ్‌ల బతుకులను వేరు చేస్తున్నది నివాసమే. వెర్వైన్ తోటల్లో, పొదల్లో, మనుషుల మధ్య సుఖంగా బతుకుతోంది. క్యూబా పిట్టకు అడవి కావాలి. అడవులు పొలాలుగా, పచ్చిక బయళ్లుగా మారేకొద్దీ దాని చోటు కుంచించుకుపోయి, ఇప్పుడు జపాటా చిత్తడి నేలల వంటి కొన్ని చోట్లకే పరిమితమైంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితాలో వెర్వైన్‌కు ముప్పు లేదు, బీ హమ్మింగ్‌బర్డ్ మాత్రం ముప్పుకు చేరువైన జాతుల్లో ఉంది.