చిట్టాకెక్కు నడుగుజాడలు

వర్తకునకు చిట్టా ఆవర్జాలు రెండు కన్నులు. నాటి వ్యవహారము నాటి వరుసలోనే చిట్టాలో పడును. దానినుండి యొక్కొక్క ఖాతాదారుని పద్దు వేరుపఱచి యావర్జాలో నెత్తివ్రాయుదురు. తెలుగునాట తరతరములుగా వర్తకము నడచిన విధమిదియే. నేడట్టి చిట్టాయే మఱియొకటి మన చేతిలోని సెల్‌ఫోనునందు రేయింబవళ్లు వ్రాయబడుచున్నది. వ్రాయువాడు గుమాస్తా కాడు, కంప్యూటరు కోడు. వ్రాయబడునవి బియ్యపు బస్తాలును బెల్లపు దిమ్మలును గావు. మన చూపులు, మన వ్రేలి తాకిడులు, మన తడబాటులు. ఈ చిట్టా యెట్లు పుట్టునో, దేనికి వినియోగపడునో, దానిపై మనకు గల హక్కేమో తెలిసికొనుట నేటి పాఠకుల కత్యావశ్యకమని మేము తలంచుచున్నాము.

అనకాపల్లి జిల్లాలోని రాంబిల్లి తీరమును దృష్టాంతముగా గైకొందము. బంగాళాఖాతపు టొడ్డున నున్న యీ ప్రాంతపు జాలరులకు యంత్రము చేయు సిఫారసు క్రొత్తది కాదు. హైదరాబాదున 1999లో నెలకొల్పబడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రము, ఉపగ్రహములు తెలుపు సముద్రపు పైనీటి వేడిమిని, ఆ నీటియందలి పత్రహరితపు జాడను బట్టి, చేపలు చేరుటకు వీలైన తావుల నెంచి తీరవాసులకు తెలియజేయుచున్నది. తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు వేట నిషిద్ధమైన 61 దినములలో నీ సూచనలకు విరామము. ఈ సిఫారసునం దొక గుణము గలదు. అది సముద్రమును చూచి చెప్పునదే కాని జాలరిని చూచి చెప్పునది కాదు. ఆ తీరమున పడవ గలవారి కందఱికి నొక్కటే మాట.

అదే సెల్‌ఫోను సాయంకాలమున చూపు వీడియోలు, పాటలు, కొనుమని ముందుంచు వస్తువులు వేఱు జాతివి. అవి మనిషిని చూచి చెప్పబడునవి. ఇరుగుపొరుగున కూర్చున్న యిద్దఱకు రెండు విధములుగా గనబడును. ఇందులకు మూలము పైని మేము చెప్పిన చిట్టాయే.

దాని రచన యిట్టిది. తెఱపై మనము చేయు ప్రతి పనిని కోడు వ్రాయువారు సంఘటన యందురు. ఒక వస్తువును చూచుట, తాకుట, వీడియోను సగములో నాపుట, సంచిలో వేసికొనుట, కొనుట, అన్నియు సంఘటనలే. ఒక్కొక్క దానికి ఎవరు, దేనిని, ఏమి చేసిరి, ఎప్పుడు, ఏ తెఱపై, ఏ పరికరమునుండి యను వివరములు చేర్చి సర్వరునకు పంపుదురు. అచ్చట నవి వరుసగా పోగుపడుట చిట్టా. వానినుండి యొక్కొక్కని యభిరుచి నెత్తివ్రాయుట యావర్జా. ఆ యావర్జాను బట్టి మఱునాటి సిఫారసు పుట్టును.

ఈ విద్యకు మూడు దశాబ్దములు మించిన చరిత్ర గలదు. 1992లో అమెరికాయందలి జిరాక్స్ సంస్థ పరిశోధకులు టేపెస్ట్రీ యను పద్ధతిని ప్రకటించిరి. ఒకరి యభిప్రాయము మఱియొకరికి దారిచూపు ననుట దాని సారము. 1994లో గ్రూప్‌లెన్స్ పరిశోధకులు, చదువరులు వేసిన మార్కులను బట్టి యంతర్జాల వార్తల నెంచియిచ్చు నేర్పాటు చేసిరి. 2003లో అమెజాన్ వారు తమ పద్ధతిని వివరించుచు, మనిషికి మనిషిని పోల్చుటకు మాఱుగా వస్తువునకు వస్తువును జతపఱచు మార్గమును దెలిపిరి. దీనిని కొన్నవారే దానినిగూడ కొనిరన్న లెక్క యన్నమాట. నాడు జనులు తామై మార్కులు వేసెడివారు. నేడు మార్కు లడుగువారు తక్కువ. మన నడకయే మార్కుగా నెంచబడుచున్నది. చిక్కంతయు నిందే యున్నది.

ఏలయన నడకను సరిగా వ్రాయుట సులభము కాదు. నడిసంద్రమున సెల్‌ఫోనునకు సంకేతము లందవు. సంఘటనలు పరికరముననే నిలిచి, ఒడ్డు చేరిన పిదప నొక్కుమ్మడి సర్వరునకు పోవును. చేరినవేళనే జరిగినవేళగా వ్రాసికొన్నచో వేకువను చూచినది మధ్యాహ్నపు లెక్కలో పడును. కావున రెండు వేళలను వేర్వేరుగ వ్రాయవలయును. పంపినదానికి బదులు రాకున్న ఫోను మఱల పంపును. ఒకే పద్దు రెండుమారులు పడును. ప్రతి సంఘటనకు దానిదైన సంఖ్య నిచ్చి, వచ్చిన సంఖ్యయే తిరిగి వచ్చినచో త్రోసిపుచ్చుట యిందులకు మందు. ఇక చూపినదానిని వ్రాయక తాకినదానినే వ్రాయుట మఱియొక లోపము. పది వస్తువులలో నొకటి యెన్నుకొనుటకును, ఒక్కటే చూపగా తాకుటకును భేదము లేదా? పైవరుస నున్నదానిని జనులెక్కువగ తాకుదురు. అది స్థానమహిమయే గాని వస్తుమహిమ కాదు.

పల్లెపట్టుల ననేక కుటుంబములలో నింటికంతకు నొక్కటే ఫోను. తండ్రి వాతావరణవార్త చూచును. తల్లి చీరలు చూచును. పిల్లవాడు ఆటలు చూచును. చిట్టా మాత్రము ముగ్గురిని నొక్క మనిషిగ నెంచి, లేని యభిరుచి నొకదానిని కల్పించి, దానినే వారికి వడ్డించుచుండును. పొరపాటున తాకినదియు, రోతతో నాపినదియు, నిదురలో నడచినదియు నిష్టముగనే లెక్కకు వచ్చుట కద్దు. 2012లో యూట్యూబు వారు తాకిడుల లెక్కకంటె చూచిన కాలమునకు ప్రాధాన్య మిచ్చిరి. అది కొంత మేలు. కాని యెక్కువసేపు చూచినదెల్ల హితవైనదని యెవరు చెప్పగలరు? ప్రేయస్సు వేఱు, శ్రేయస్సు వేఱని మన పెద్దలెఱుగుదురు. చిట్టాకు మొదటిది మాత్రమే తెలియును.

పేరు తీసివేసితిమి గదా, భయమేల యని కొందఱందురు. నెట్‌ఫ్లిక్స్ వారు 2006లో పది లక్షల డాలర్ల పోటీ నొకదానిని ప్రకటించి, పేర్లు తొలగించిన పదికోట్ల మార్కులను లోకమున కిచ్చిరి. 2009లో బహుమాన మొసగబడినది. ఆలోపలనే, 2008లో అరవింద్ నారాయణన్, విటాలీ ష్మాటికోవ్ అను పరిశోధకులు, ఆ మార్కులను బహిరంగముగ దొరకు ఇతర మార్కులతో పోల్చి కొందఱ నానవాలు పట్టవచ్చునని నిరూపించిరి. తలపెట్టిన రెండవ పోటీ 2010లో విరమింపబడెను. అడుగుజాడలే పేరు చెప్పునని యిందువలన తేలినది.

మన దేశమున నీ విషయము న్యాయస్థానమున తేలకపోలేదు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసునందు సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని యేకగ్రీవముగ తీర్పు చెప్పిరి. వారిలో మన తెలుగు న్యాయమూర్తి జాస్తి చలమేశ్వర్ ఒకరు. వారు ప్రత్యేకముగ తీర్పు వ్రాసిరి. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టము వచ్చెను. దాని నియమావళి, దశలవారీగ నమలునకు వచ్చునట్లు, 2025 నవంబరున ప్రకటింపబడెను. సమ్మతి నడుగు విజ్ఞాపనము నింగ్లీషుననో, రాజ్యాంగపు టెనిమిదవ షెడ్యూలునందలి యే భాషలోనైననో చదువుకొను వీలు ప్రజలకు కల్పింపవలెనని యా చట్టము చెప్పుచున్నది. తెలుగు అందొకటి. పదునెనిమిదేండ్లు నిండని వారి నడవడిని వెంటాడి గమనించుటను నది నిషేధించినది. ప్రభుత్వము కొన్ని మినహాయింపు లీయవచ్చును.

చట్టము పుస్తకమున నుండిన చాలదు, కోడునం దుండవలయును. ఆ కోడు వ్రాయువారిలో మన తెలుగు యువకు లసంఖ్యాకులు. వారికి మా మనవి యిది. పనికివచ్చు సంఘటననే వ్రాయుడు, దొరకినదెల్ల వ్రాయకుడు. సమ్మతి రాకమునుపు చిట్టా తెఱవకుడు. గడువు దీరిన పద్దును చెఱిపివేయుడు. వలదన్నవానికి నందఱకు చూపునదే చూపుడు. సమ్మతిపత్రమును రాంబిల్లి జాలరి చదివినంతనే బోధపడు తెలుగున నుంచుడు. నిఘంటువు తెఱచినను తెలియని తెలుగు తెలుగు కాదు.

పాఠకులును నుపేక్ష వహింపరాదు. చరిత్రను చెఱపు వీలు, సిఫారసుల నాపు వీలు పెక్కు యాప్‌లలో గలదు, వెదకి వాడుకొనవలయును. అంగడిలో మన ఖాతా యెంతయైనదని వర్తకు నడుగుటకు మన మెన్నడును సిగ్గుపడలేదు. మన మనసునకు ఖాతా తెఱచినవానిని మాత్ర మడుగుటకు వెనుదీయ నేల?